టీనేజీ పిల్లల జిడ్డు ముఖానికీ బ్లాక్‌హెడ్స్‌కూ ఇంట్లో సాయపడటం ఎలా?

ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదిలోనో ఉన్న పిల్లవాడు అద్దం ముందు మామూలు కన్నా ఎక్కువసేపు నిలబడుతున్నాడనీ, ముక్కు కొసను రెండు గోళ్ల మధ్య పట్టుకుని నొక్కుతున్నాడనీ మీరు గమనించిన రోజున చేయవలసిన మొదటి పని కొత్త సబ్బు కొనడం కాదు. ఆ నల్లటి చుక్కలు మురికి కాదని ముందు మీరు నమ్మాలి, ఆ తరువాత పిల్లవాడికి నమ్మకంగా చెప్పాలి. ఈ ఒక్క విషయం ఇంటిల్లిపాదికీ అర్థమైతే గరుకు పిండితో రుద్దడం, రోజుకు ఆరుసార్లు ముఖం కడగడం, నిమ్మచెక్కతో తోమడం వంటి పనులు వాటంతట అవే ఆగిపోతాయి; చర్మానికి జరిగే హానిలో చాలా భాగం ఆ పనుల వల్లనే జరుగుతుంది.

ముఖంలోని ప్రతి రోమకూపాన్నీ అంటిపెట్టుకుని ఒక చిన్న తైలగ్రంథి ఉంటుంది. యుక్తవయసు మొదలైనప్పుడు మగపిల్లల్లోనే కాక ఆడపిల్లల్లోనూ పెరిగే ఆండ్రోజెన్ హార్మోన్లు ఈ గ్రంథులను పెద్దవి చేసి, సీబమ్ అనే జిడ్డును ఎక్కువగా ఊరేట్టు చేస్తాయి. అదే సమయంలో రోమకూపం లోపలి గోడ నుంచి రాలిపోవలసిన మృతకణాలు సరిగా రాలక ఒకదానికొకటి అంటుకుని, జిడ్డుతో కలిసి బిరడాలా బిగుసుకుంటాయి. ఆ బిరడా పైన చర్మం మూసుకుని ఉంటే చిన్న తెల్లటి పొక్కుగా కనిపిస్తుంది. దానిని వైట్‌హెడ్ అంటాము. నోరు తెరుచుకుని ఉంటే లోపలి కొవ్వు పదార్థానికి గాలి తగిలి ఆక్సీకరణ జరుగుతుంది, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా దానికి తోడవుతుంది, అప్పుడది నల్లబడి బ్లాక్‌హెడ్ అవుతుంది. కోసిన వంకాయ ముక్కలను నీళ్లలో వేయకుండా వదిలేస్తే నల్లబడతాయి కదా, ఇదీ అటువంటి నలుపే. దానిని ఎంత కడిగినా తెల్లబడదు, ఎందుకంటే ఆ నలుపు పైనుంచి వచ్చి పడింది కాదు.

12 నుంచి 24 ఏళ్ల మధ్య వయసువారిలో దాదాపు 85 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో మొటిమలో, బ్లాక్‌హెడ్సో వస్తాయని చర్మవైద్య గ్రంథాలు చెబుతాయి. మీ పిల్లవాడికి ఈ సంగతి తెలియడం అవసరం. తన ఒక్కడి ముఖమే ఇలా ఉందని అనుకునే వయసు అది.

ముందుగా పగటి వెలుగులో చూడండి

పిల్లవాడిని అడిగి, అతను సరేనన్న తరువాతే, ఉదయం పూట కిటికీ దగ్గర కూర్చోబెట్టి ముఖం చూడండి. బాత్‌రూమ్ దీపం కింద ఏదీ సరిగా తెలియదు. ముక్కు మీద ఒకే పరిమాణంలో, ఒకే దూరంలో, బూడిద రంగులో పరుచుకుని ఉన్న సన్నటి చుక్కలు చాలామందిలో బ్లాక్‌హెడ్స్ కావు. అవి జిడ్డును చర్మం పైకి తెచ్చే మామూలు నాళాలు. వాటిని నొక్కితే సన్నటి దారంలా తెల్లటి పదార్థం వస్తుంది, కొద్ది వారాలలోనే తిరిగి నిండుతుంది. పెద్దవారిలోనూ ఉండే ఈ చుక్కలను పూర్తిగా తొలగించాలనుకోవడం వృథా ప్రయాస. అసలైన బ్లాక్‌హెడ్ వాటికన్నా పెద్దది, బాగా నల్లనిది, అక్కడొకటీ ఇక్కడొకటీగా ముక్కు పక్కనా, గడ్డం మీదా, నుదుటి మీదా, చెవి గుంటలోనూ కనిపిస్తుంది.

నుదుటి పైభాగాన, జుట్టు మొదలయ్యే చోట, ఇసుక రేణువుల్లా చేతికి తగిలే చిన్న పొక్కులు వరుసగా ఉంటే తలనూనెను అనుమానించండి. ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే నొప్పి పుట్టే గడ్డలు ఉంటే ఇంటి వైద్యం దగ్గర ఆగకుండా నేరుగా చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. అటువంటి గడ్డలు మానేటప్పుడు గుంటలు పడే ప్రమాదం ఉంది, ఆ గుంటలు జీవితాంతం ఉండిపోవచ్చు.

చూసిన రోజున ఎదుటి నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి రెండు ఫొటోలు తీసి, పిల్లవాడి ఫోన్‌లోనే ఉంచమనండి. నెలకొకసారి అదే కిటికీ దగ్గర, అదే వేళలో మళ్లీ తీసి పోల్చుకోవాలి. రోజూ అద్దంలో చూసుకునేవారికి మార్పు కనిపించదు, మార్పు కనిపించకపోతే ఏ మందునూ నిలకడగా వాడరు.

మొదటి రెండు వారాలు మందేదీ చేర్చకండి, ఉన్నవి తీసివేయండి

బాత్‌రూమ్ అలమరాలోనూ పిల్లవాడి బల్ల సొరుగులోనూ ఇప్పటికే చేరిన వస్తువులన్నీ బయట పెట్టించండి. గరుకు రేణువులున్న స్క్రబ్బులు, ముక్కుకు అంటించి లాగే స్ట్రిప్పులు, ఎండిన తరువాత పొరలా ఊడదీసే బొగ్గు మాస్కులు, ఆల్కహాలు ఘాటు కొట్టే టోనర్లు, ముఖానికి రాయడం కోసం వంటింట్లోంచి వచ్చిన తినేసోడా, నిమ్మరసం, టూత్‌పేస్టు, వీటన్నింటినీ పక్కన పెట్టాలి. స్ట్రిప్పు లాగినప్పుడు దానికి అంటుకుని వచ్చేది బిరడా పైకొస మాత్రమే. అడుగున ఉన్నది అలాగే ఉండి మళ్లీ పైకి నిండుతుంది, ఈలోగా పైచర్మం చిట్లుతుంది. నిమ్మరసం బాగా ఆమ్లగుణం కలది. అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్లబడుతుంది.

సున్నిపిండి, శనగపిండి మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నవి కనుక వాటిని వద్దనడానికి నోరు రాదు. ఒంటికి నలుగు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. కాని బ్లాక్‌హెడ్స్ ఉన్న ముఖాన్ని వాటితో రుద్దకూడదు. మా అబ్బాయికి పద్నాలుగేళ్లప్పుడు సంక్రాంతి తలంటి రోజున, ముక్కు మీద నలుపు వదిలిపోతుందనుకుని, మర పట్టించిన సున్నిపిండితో వాడి ముక్కూ గడ్డమూ నేనే గట్టిగా రుద్దాను. వారం తిరిగేసరికి రుద్దిన చోటల్లా గోధుమరంగు మచ్చలు తేలాయి, అవి పోవడానికి ఏడు నెలలు పట్టింది. మన చామనఛాయ చర్మానికి చిన్న గాయం తగిలినా, కాస్త వాచినా ఆ చోట మెలనిన్ ఎక్కువగా చేరి మచ్చ పడుతుంది. బ్లాక్‌హెడ్ పోయినా ఆ మచ్చ నెలల తరబడి ఉంటుంది. గిల్లవద్దని పిల్లలకు చెప్పేటప్పుడు కూడా, అది చెడ్డ అలవాటని మందలించే కన్నా ఈ మచ్చల సంగతి వివరించి చెబితే ఎక్కువ వింటారు.

ఆవిరి పడితే రంధ్రాలు తెరుచుకుంటాయనీ, చన్నీళ్లు కొడితే మూసుకుంటాయనీ చాలామంది చెబుతారు. రోమకూపాల నోటికి తలుపుల్లా తెరుచుకుని మూసుకునే కండరమేదీ లేదు. ఆవిరి బిరడాను కాస్త మెత్తబరచవచ్చు గాని, మరిగే నీళ్ల గిన్నె మీద పిల్లలు ముఖం వంచి కాల్చుకునే ప్రమాదం ముందు ఆ లాభం లెక్కలోకి రాదు.

ఇక, అన్నింటికన్నా జాగ్రత్తగా వెతికి తీసివేయవలసినది ఒకటుంది. మందుల షాపులో అడిగితే ఇచ్చిందనో, పక్కింటివారికి బాగా పనిచేసిందనో తెచ్చిన తెల్లబరిచే క్రీము ట్యూబు ఇంట్లో ఉంటే వెనకవైపు సన్న అక్షరాలు చదవండి. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అనే పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లతో మొమెటసోన్ కలిపిన క్రీములను ఫెయిర్‌నెస్ క్రీముల్లా వాడటం మన దేశంలో ఎంత పాతుకుపోయిందంటే, వాటి వల్ల పాడైన ముఖాలకు మన చర్మవైద్యులు ప్రత్యేకంగా ఒక రోగనామమే పెట్టవలసి వచ్చింది. రాసిన మొదటి రోజుల్లో ముఖం తేటగా, నునుపుగా అవుతుంది, ఆ మెరుపు చూసే మోసపోతాము. వారాలు గడిచేకొద్దీ చర్మం పలచబడి, సన్నటి ఎర్ర నరాలు బయటపడి, గుంపులు గుంపులుగా మొటిమలు లేస్తాయి. ఆపితే మంట, ఎర్రదనం, దురద తిరగబెడతాయి కనుక మళ్లీ రాయడం మొదలుపెడతారు. చర్మం మీద పూసే స్టెరాయిడ్లను 2018లో కేంద్ర ప్రభుత్వం డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది, అయినా చీటీ అడగకుండా ఇచ్చే షాపులు ఉన్నాయి. మీ పిల్లవాడో, అమ్మాయో ఇప్పటికే ఇటువంటిది వారాల తరబడి వాడి ఉంటే దానిని మీ అంతట మీరు ఒక్కసారిగా మాన్పించకుండా, ట్యూబు చేత పట్టుకుని చర్మవైద్యుల దగ్గరకు వెళ్లి, ఎలా తగ్గించుకుంటూ రావాలో అడగండి.

ఉదయం, రాత్రి చేయవలసినవి

రోజుకు రెండుసార్లు, ఆటలాడి చెమటపట్టిన రోజున మరొకసారి ముఖం కడిగితే చాలు. ఒంటిసబ్బు సాధారణంగా క్షారగుణం కలది, చర్మం పైపొర స్వభావం స్వల్పంగా ఆమ్లగుణం. సబ్బుతో పదేపదే కడిగితే చర్మం బిగుసుకున్నట్టయి, పొట్టు లేస్తుంది. లోపలి తైలగ్రంథులు మాత్రం తమ పని తాము చేసుకుపోతూనే ఉంటాయి. అందువల్ల సబ్బు కలవని, సువాసన తక్కువగా ఉండే, జిడ్డు చర్మానికని రాసి ఉన్న జెల్ రూపంలోని ఫేస్‌వాష్ ఒకటి తీసుకోండి. బోరు నీరు బాగా కఠినంగా ఉన్న ఊళ్లలో ఈ మార్పు మరీ అవసరం. ఆ నీటిలో సబ్బు సరిగా నురగరాక, తెల్లటి తెట్టులా చర్మం మీద నిలిచిపోతుంది.

కడిగే పద్ధతి ఒకసారి దగ్గరుండి చూపించండి. ముందు చేతులు కడుక్కోవాలి. మామూలు నీళ్లతో ముఖం తడిపి, కొద్దిగా ఫేస్‌వాష్‌ను అరచేతుల్లో నురగ చేసి, వేళ్ల కొసలతో అర నిమిషం పాటు మెల్లగా నుదురు, ముక్కు పక్కలు, గడ్డం, దవడ కింద వరకు రాసి, జారుడు పోయేదాకా కడిగి, మెత్తటి నూలు తువ్వాలుతో అద్దుకోవాలి. రుద్ది తుడవకూడదు. తువ్వాలు ఎవరిది వారికే ఉండాలి, ఎండలో ఆరాలి.

కడిగిన వెంటనే మాయిశ్చరైజర్ రాయాలంటే జిడ్డు ముఖం గల పిల్లలు ఎదురు తిరుగుతారు, ఉన్న జిడ్డు చాలదా అంటారు. చర్మం పైన కనిపించే జిడ్డు వేరు, చర్మం లోపల ఉండవలసిన తేమ వేరు. రాబోయే వారాల్లో మనం వాడబోయే మందులు తేమను లాగేస్తాయి. తేమ లేని చర్మం మండుతుంది, మండితే పిల్లవాడు మందు మానేస్తాడు. నూనె లేని, పలచటి జెల్ లేదా లోషన్ రకం తీసుకోండి. రోమకూపాలను మూసివేయనిదని తెలిపే నాన్-కామెడోజెనిక్ అన్న మాట పెట్టె మీద ఉందేమో చూడండి. ఫేస్‌వాష్‌కు తప్ప ముఖం మీద నిలిచి ఉండే ప్రతి వస్తువుకూ ఈ మాటే గీటురాయి.

ఉదయం మాయిశ్చరైజర్ పైన ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన జెల్ రకం సన్‌స్క్రీన్ రాయించండి. మచ్చలు ముదరకుండా కాపాడేది అదే. ఎండలో సైకిల్ తొక్కి బడికి వెళ్లే పిల్లలకు ఇది అలంకారం కాదు. మగపిల్లలు సన్‌స్క్రీన్‌ను ఆడపిల్లల వస్తువు అనుకుంటారు. నాన్నో, అన్నయ్యో కూడా రాసుకుంటే ఆ అభ్యంతరం తొందరగా పోతుంది.

మధ్యాహ్నానికి ముఖం మెరిస్తే పౌడరు మీద పౌడరు అద్దడం వద్దు. జేబులో ఒక మెత్తటి కాగితపు రుమాలు ఉంచుకుని ముక్కు మీద అద్ది తీసేస్తే చాలు.

మూడో వారం నుంచి మందు

రెండు వారాల పాటు ఈ క్రమం సాఫీగా సాగి, ముఖం ఎక్కడా మండటం లేదని తేలిన తరువాత మందు మొదలుపెట్టండి. ఒకేసారి ఒకే మందు. రెండు మూడు కలిపి మొదలుపెడితే ఏది మేలు చేసిందో, ఏది మంట పుట్టించిందో ఎవరికీ తెలియదు.

బ్లాక్‌హెడ్స్ కొద్దిగానే ఉంటే సాలిసిలిక్ ఆమ్లంతో మొదలుపెట్టవచ్చు. నూనెలో కరిగే గుణం ఉండటం వల్ల అది జిడ్డు నిండిన రోమకూపంలోకి దిగి, అంటుకుపోయిన మృతకణాలను వదులు చేస్తుంది. మార్కెట్లో దొరికే వాటిలో 0.5 నుంచి 2 శాతం వరకు ఉంటుంది. కడిగివేసే ఫేస్‌వాష్‌లో ఉన్నది చర్మం మీద అర నిమిషమే ఉంటుంది కనుక, రాసి వదిలేసే జెల్ గాని ద్రావణం గాని ఎక్కువ పనిచేస్తుంది. మొదట దవడ కింద చిన్న చోట మూడు రాత్రులు వరుసగా రాసి చూడండి. దద్దురు గాని తీవ్రమైన మంట గాని లేకపోతే వారానికి మూడు రాత్రులు, బ్లాక్‌హెడ్స్ ఉన్న ప్రాంతమంతా పలచగా రాసి, పైన మాయిశ్చరైజర్ రాయాలి. పడితే క్రమంగా రోజూ రాత్రి రాయవచ్చు. ఆస్పిరిన్ పడని పిల్లలకు దీనిని డాక్టరును అడగకుండా వాడకండి, రెండూ ఒకే కుటుంబానికి చెందిన మందులు.

నుదురంతా, బుగ్గలంతా వైట్‌హెడ్స్, బ్లాక్‌హెడ్స్ పరుచుకుని ఉంటే అడాపలీన్ 0.1 శాతం జెల్ మెరుగైన మందు. రోమకూపం లోపల బిరడా కట్టడం అనే మూల ప్రక్రియనే అది అడ్డుకుంటుంది. అమెరికాలో 2016 నుంచి 12 ఏళ్లు దాటినవారికి దీనిని చీటీ లేకుండానే అమ్ముతున్నారు కనుక, అక్కడున్న మన బంధువులు పంపిస్తామంటారు; అయినా మొదలుపెట్టే ముందు ఇక్కడ చర్మవైద్యులకు ఒకసారి చూపించడమే మంచిది. రాసే పద్ధతిలోనే దీని ఫలితమంతా ఉంది. రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరేదాకా పదిహేను, ఇరవై నిమిషాలు ఆగి, ముఖమంతటికీ కలిపి బఠానీ గింజంత మందు వేలి మీద తీసుకుని, నుదురు, రెండు బుగ్గలు, ముక్కు, గడ్డం మీద ఐదు చుక్కలుగా పెట్టి పలచగా పరచాలి. కంటి చుట్టూ, పెదవుల మూలల్లో, ముక్కు రంధ్రాల అంచున రాయకూడదు. ఇది పుండు మీద పెట్టే మందులా కనిపించిన బ్లాక్‌హెడ్ మీద మాత్రమే అద్దేది కాదు, ఇంకా పైకి కనిపించని బిరడాల కోసం రాసేది. అందుకే ముఖమంతా రాయమంటారు.

మొదటి రెండు వారాలు రాత్రి విడిచి రాత్రి రాసి, పొట్టు, మంట తగ్గాక రోజూ రాయవచ్చు. మొదటి నెలలో మొటిమలు కాస్త ఎక్కువైనట్టు కనిపించడం మామూలే. చాలామంది పిల్లలు సరిగ్గా ఇక్కడే మందు వదిలేస్తారు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే వదలరు. చర్మం లోపల మొదలైన బిరడా కంటికి కనిపించేదాకా పెరగడానికే దాదాపు ఎనిమిది వారాలు పడుతుంది కనుక, ఫలితాన్ని 12 వారాలకు ముందు తేల్చకండి. గర్భవతులు అడాపలీన్ వాడకూడదన్న సంగతి కూడా ఇంట్లో అందరికీ తెలియాలి, ఒకరి ట్యూబు మరొకరు తీసుకుని రాసుకోవడం మన ఇళ్లలో మామూలు.

బ్లాక్‌హెడ్స్‌తో పాటు చీము మొటిమలు కూడా ఉంటే డాక్టరు బెంజోయిల్ పెరాక్సైడ్ చేర్చవచ్చు. 2.5 శాతం మందు, ఎక్కువ శాతం ఉన్నవాటితో దాదాపు సమానంగా పనిచేస్తూ తక్కువ మంట పుట్టిస్తుంది కనుక పెద్ద అంకె చూసి కొనకండి. అది తగిలిన రంగు బట్టలు, దిండు గలీబులు, తువ్వాళ్లు తెల్లగా వెలిసిపోతాయి, వాటిని తెల్లవి పెట్టుకోండి. వేడి తగిలే చోట ఆ ట్యూబును ఉంచకండి.

ముఖం ఎర్రబడి, నీళ్లు తగిలినా చురుక్కుమంటుంటే మందు నాలుగైదు రోజులు ఆపి, ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్ మాత్రమే వాడించి, తగ్గాక వారానికి రెండు రాత్రులతో మళ్లీ మొదలుపెట్టండి. ముఖం వాచినా, కళ్లు ఉబ్బినా, ఊపిరి ఆడనట్టున్నా అది అలర్జీ. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

తలనూనె, హెల్మెట్, ఫోన్

జడ వేసే ముందు తలకు నూనె దట్టంగా పట్టించి బడికి పంపితే, మధ్యాహ్నపు ఎండకు ఆ నూనె నుదుటి మీదికి కారుతుంది. కొబ్బరినూనె జుట్టుకు ఎంత మేలు చేసినా ముఖం మీది రోమకూపాలను మూసివేస్తుంది. అలవాటు మాన్పించనక్కరలేదు, వేళ మార్చండి. తలంటుకునే రోజున రెండు గంటల ముందు, నుదుటికి అర అంగుళం వెనక నుంచి నూనె పట్టించి, తలంటిన తరువాత నుదురూ మెడా ఫేస్‌వాష్‌తో కడిగించండి. నూనె తలతో పడుకోవలసి వస్తే దిండు మీద పాత గుడ్డ వేసి, అది మర్నాడు తీసేయాలి. దిండు గలీబు వారానికి రెండుసార్లు మార్చండి. హెల్మెట్ లోపలి మెత్తను, క్రికెట్ టోపీని ఉతకాలి. ఫోన్‌ను బుగ్గకు ఆనించుకుని గంటలు మాట్లాడే పిల్లలకు ఆ వైపే ఎక్కువగా వస్తుంటే ఇయర్‌ఫోన్ వాడమనండి.

తిండి విషయంలో

వేపుళ్ల నూనె ముఖం మీద జిడ్డుగా తేలుతుందన్నది నిజం కాదు. మామిడిపండ్లు వేడి చేసి మొటిమలు తెస్తాయనడానికీ గట్టి ఆధారం లేదు. వేసవిలో ఒక పండు తింటున్న పిల్లవాడి చేతిలోంచి దానిని లాక్కోకండి. రక్తంలో చక్కెరను గబగబా పెంచే తీపి పానీయాలు, బేకరీ తిండి, చాక్లెట్ బార్లు ఎక్కువైతే మొటిమలు పెరుగుతాయనడానికి మాత్రం కొంత ఆధారం ఉంది. పాల విషయంలో కూడా కొందరిలో సంబంధం కనిపించింది, అయినా ఎదిగే వయసులో పాలు, పెరుగు మాన్పించమని నేను చెప్పను. జిమ్‌కు వెళుతూ, పాల నుంచి తీసే వే ప్రోటీన్ పొడి తాగుతున్న అబ్బాయికి ఉన్నట్టుండి మొటిమలు ముసురుకుంటే, ఆ పొడిని రెండు నెలలు ఆపి చూడటం మంచిది. కండల కోసం ఇంజెక్షన్లో, మాత్రలో ఎవరైనా ఇస్తున్నారేమో కూడా నెమ్మదిగా అడిగి తెలుసుకోండి.

హాస్టల్లో ఉన్న పిల్లలకు

ఇంటర్‌లో చేరి రెసిడెన్షియల్ కాలేజీకి వెళ్లిన పిల్లలకు పైన చెప్పిన క్రమమంతా నడవదు. తెల్లవారకముందే స్టడీ అవర్, కుళాయి దగ్గర వరుస, ఎప్పుడూ తడిగానే ఉండే తువ్వాలు, నిద్ర లేమి, నెలకొకసారి వచ్చే అమ్మానాన్నలు. వారికి మూడే వస్తువులు ఇవ్వండి. ఒక ఫేస్‌వాష్, సన్‌స్క్రీన్ గుణం కూడా ఉన్న ఒక మాయిశ్చరైజర్, రాత్రి రాసే ఒక మందు. మందును బ్రష్షూ పేస్టూ ఉన్న సంచిలోనే పెట్టండి, పళ్లు తోముకునేటప్పుడు గుర్తొస్తుంది. రెండు చిన్న పలచటి తువ్వాళ్లు ఇస్తే ఒకటి తడిసినా రెండోది ఆరి ఉంటుంది. గదిలోని స్నేహితుడి క్రీము ఎంత పనిచేస్తుందని చెప్పినా వాడవద్దని మాట తీసుకోండి; స్టెరాయిడ్ ట్యూబులు హాస్టళ్లలో చేతులు మారే తీరు చూస్తే భయం వేస్తుంది.

ఇంట్లో మాట

పెళ్లికో, పేరంటానికో వెళ్లినప్పుడు "ఏమిట్రా, ముఖమంతా ఇలా అయిపోయింది?" అని అందరి ముందూ అడిగే పెద్దలు ప్రతి బంధుబలగంలోనూ ఉంటారు. వారు చెడు తలచి అడగరు, కాని ఆ మాట పిల్లవాడిలో గుచ్చుకుని ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అప్పుడు మీరు ఊరుకోకండి. "మందు వాడుతున్నాం అత్తయ్యా, తగ్గుతోంది" అని పిల్లవాడి తరఫున ఒక్క ముక్కలో చెప్పి మాట మార్చండి. ఇంట్లో కూడా ముఖం గురించిన మాట రోజుకు ఒక్కసారికి మించి ఎత్తకండి, రాత్రి "మందు రాశావా నాన్నా?" అన్నది చాలు. ఫొటోలు దిగనంటున్నా, స్నేహితులను తప్పించుకుంటున్నా, బడికి వెళ్లనని పేచీ పెడుతున్నా, సరిగా తిని నిద్రపోకపోయినా బ్లాక్‌హెడ్స్ ఎన్ని ఉన్నాయన్నది లెక్క కాదు. మనసు కుంగిపోతోందని గ్రహించి, ఆ సంగతి డాక్టరుకు కూడా చెప్పండి.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు

నొప్పి గడ్డలు, గుంటలు, స్టెరాయిడ్ వాడకం గురించి ఇప్పటికే చెప్పాను. 12 వారాలు నిజాయితీగా వాడినా ఫొటోల్లో తేడా లేకపోతే వెళ్లండి. అమ్మాయికి మొటిమలతో పాటు నెలసరి తప్పుతూ ఉండటం, గడ్డం మీదా పెదవి పైనా ముతక వెంట్రుకలు రావడం, బరువు పెరగడం ఉంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో చూపించాలి. మూర్ఛకు, క్షయకు వాడే కొన్ని మందుల వల్ల కూడా ఇటువంటి పొక్కులు వస్తాయి కనుక, వాడుతున్నవన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకువెళ్లండి. ప్రైవేటు ఖర్చు భరించలేకపోతే హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్ వంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల చర్మ విభాగంలో ఓపీ చీటీతో చూపించుకోవచ్చు.

మొండి బ్లాక్‌హెడ్స్‌ను డాక్టరు శుభ్రమైన పరికరంతో తీయగలరు. అది చేయించండి గాని, ఆన్‌లైన్‌లో దొరికే ఉంగరం కొస కడ్డీ కొని ఇంట్లో ప్రయత్నించకండి. యాంటీబయోటిక్ పూత మందును బెంజోయిల్ పెరాక్సైడ్ తోడు లేకుండా ఒంటరిగా రాయమంటే ఎందుకని అడగడంలో తప్పు లేదు, ఒంటరిగా వాడితే సూక్ష్మక్రిములు దానికి లొంగకుండా తయారవుతాయి. నోటి ద్వారా ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మొండి మొటిమలకు చాలా శక్తిమంతమైన మందు. అయితే గర్భంలోని శిశువుకు తీవ్రమైన లోపాలు కలిగిస్తుంది, రక్తపరీక్షలు అవసరమవుతాయి. డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఒక్క మాత్ర కూడా వేయకూడదు.

తేటపడిన తరువాత

నాలుగైదు నెలలకు ముఖం తేటపడగానే అందరూ చేసే పని మందు ఆపేయడం, మరో రెండు నెలలకు అవే బ్లాక్‌హెడ్స్ తిరిగి రావడం. తైలగ్రంథుల జోరు టీనేజీ అంతా ఉంటుంది కనుక, డాక్టరు చెప్పిన మేరకు వారానికి మూడు రాత్రులో, రాత్రి విడిచి రాత్రో రాస్తూ ఉండాలి. ఈ దశకు వచ్చేసరికి మీ పాత్ర దాదాపు ముగియాలి. ట్యూబు పిల్లవాడి చేతికే ఇచ్చి, బఠానీ గింజంత అంటే ఎంతో అతనే మీకు చూపించేలా చేయండి. వేసవి సెలవులు అయిపోయి హాస్టలుకు బయలుదేరే రోజున, పాత ట్యూబు ఇంకా సగం ఉన్నా సరే, గడువు తేదీ చూసి కొన్న కొత్తదొకటి పెట్టెలో ఉందో లేదో చూసుకోండి.